పిల్లల దీర్ఘకాలిక నొప్పికి ఫోన్ సాయం: ఇంట్లో ఎలా మొదలుపెట్టాలి

మా అమ్మాయికి ఎనిమిదో తరగతిలో తలనొప్పి మొదలైంది. కళ్ళజోడు పెట్టిస్తే పోతుందన్నారు, పెట్టించాం. సైనస్ అన్నారు, ఆవిరి పట్టించాం. బడి ఎగ్గొట్టడానికి నాటకమని కూడా అన్నారు. ఆ మాట పిల్ల ఇప్పటికీ మర్చిపోలేదు. ఏడాది తిరిగాక న్యూరాలజిస్టు మైగ్రేన్ అని తేల్చారు. "నెలకి ఎన్ని రోజులొస్తోంది?" అని ఆయన అడిగితే నేను పది అన్నాను, వాళ్ళ నాన్న దాదాపు రోజూ అన్నారు, పిల్ల తలొంచుకుని కూర్చుంది.

ఆ సాయంత్రమే ఫోన్‌లో నొప్పి రాసుకునే యాప్ ఒకటి వేశాను. పొద్దున్న లేవగానే, టిఫిన్ దగ్గర, బడి నుంచి రాగానే, పడుకునే ముందు "ఇప్పుడెంత?" అని అడిగి అంకె వేయించేదాన్ని. రెండు నెలలకి గ్రాఫు బ్రహ్మాండంగా తయారైంది. పిల్ల మాత్రం రోజంతా తన తలనే కనిపెట్టుకుని ఉండటం అలవాటు చేసుకుంది. బడికి వెళ్ళే రోజులు ఇంకా తగ్గాయి. తర్వాత మేం కలిసిన సైకాలజిస్టు ఆ గ్రాఫు అంతా చూసి, "ఇందులో నొప్పి కనిపిస్తోంది. మీ అమ్మాయి ఏదండీ?" అన్నారు.

ఆ ప్రశ్న తర్వాతే యాప్ ఎందుకో నాకు అర్థమైంది. నొప్పి ఎత్తుకుపోయిన రోజుల్ని ఒక్కొక్కటిగా వెనక్కి తెచ్చుకోవడానికి అది పనికొస్తుంది. నొప్పిని కాపలా కాయడానికి వాడితే బెడిసికొడుతుంది. కింద రాసినవన్నీ ఆ లెక్కతోనే చదవండి.

మొదటి అడుగు: డాక్టరు చూశాకే యాప్

మూడు నెలలు దాటినా తగ్గని నొప్పిని, పోయినట్టే పోయి మళ్ళీ మళ్ళీ వచ్చే నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు. మైగ్రేన్, కడుపునొప్పి, నడుంనొప్పి, పిల్లల కీళ్ళవాతం, నెలసరి నొప్పి, సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే, పుట్టుకతో వచ్చే జబ్బు) నొప్పి అన్నీ ఇందులోకి వస్తాయి. వీటి వెనకున్న కారణం యాప్ చెప్పలేదు. అది డాక్టరు పని.

కొన్ని గుర్తులు కనిపిస్తే యాప్ సంగతి పక్కన పెట్టి ముందు ఆస్పత్రికి వెళ్ళండి. నొప్పి నిద్రలోంచి లేపేస్తుండటం, కారణం లేకుండా బరువు తగ్గడం, వదలని జ్వరం, కీలు వాచి పొద్దున్నే బిగుసుకుపోవడం, కాలో చెయ్యో పట్టు తప్పడం, మూత్రం మీద అదుపు పోవడం, తెల్లవారుజామున తలనొప్పితో పాటు వాంతులవడం, చూపు మసకబారడం. ఎప్పుడూ లేనంత తీవ్రంగా, ఉన్నట్టుండి తలనొప్పి వస్తే వెంటనే ఎమర్జెన్సీకే తీసుకెళ్ళాలి.

నెలనెలా రెండు మూడు రోజులు బడి మానేసేంతగా నెలసరి నొప్పి వస్తుంటే "ఆడపిల్లలకి మామూలే" అని సర్దుకోకండి. గైనకాలజిస్టుకి చూపించండి. మా తరం సర్దుకుంది, దానివల్ల ఎవరికీ మేలు జరగలేదు.

డాక్టరు చూసి ప్రమాదం లేదన్నాక కూడా నొప్పి ఉంటుంది. పరీక్షలన్నీ నార్మల్ వచ్చినంత మాత్రాన అది అబద్ధమైపోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పిల్లల దీర్ఘకాలిక నొప్పి మీద మార్గదర్శకాలు విడుదల చేసింది. ఫిజియోథెరపీ, వ్యాయామం లాంటివి, మనసుకి సంబంధించిన చికిత్స, తగినచోట మందులు, ఈ మూడిటినీ సిఫార్సు చేసింది. మనసు చికిత్సను ఎదురుగా కూర్చునైనా, దూరం నుంచైనా ఇవ్వొచ్చంది. యాప్‌కి చోటు దొరికేది అక్కడే.

రెండో అడుగు: పిల్లలతో ఒప్పందం

పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లల ఫోన్‌లో మీరు యాప్ వేసి, మీరే రోజూ తెరిచి చూస్తే అది వాళ్ళ మీద నిఘా అవుతుంది. వారంలో అబద్ధపు అంకెలు మొదలవుతాయి. అందుకే ముందు కూర్చుని మాట్లాడుకోండి. ఎవరు రాస్తారు? పిల్లలే. ఎవరు చూస్తారు? వాళ్ళు చూపిస్తేనే మీరు. ఎప్పుడు? మా ఇంట్లో ఆదివారం టిఫిన్ అయ్యాక పది నిమిషాలు.

దాపరికం చెల్లని విషయం ఒకటుంది, అది కూడా ముందే చెప్పండి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే, తనని తాను గాయపరచుకోవాలనిపిస్తే అది ఎవరో ఒక పెద్దవాళ్ళకి అదే రోజు తెలియాలి. ఏళ్ళ తరబడి నొప్పితో ఉన్న పిల్లల్లో దిగులు ఎక్కువ. అలాంటి రోజు యాప్‌లో రాసుకుని ఊరుకోకూడదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416ని మీ ఫోన్‌లోనూ వాళ్ళ ఫోన్‌లోనూ ఇప్పుడే సేవ్ చేయండి. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులక్కర్లేదు.

మూడో అడుగు: యాప్ ఎంచుకోవడం

ప్లే స్టోర్‌లో నొప్పి అని వెతికితే వందల యాప్‌లొస్తాయి. వాటిలో చాలావాటి తయారీలో డాక్టర్ల చెయ్యే ఉండదు. కాబట్టి రేటింగు చుక్కల కంటే ముందు యాప్ పేరు కింద ఉండే తయారుచేసినవాళ్ళ పేరు చూడండి. ఆస్పత్రో, విశ్వవిద్యాలయమో ఉంటే ఒక మెట్టు పైన.

పిల్లల కోసమే కట్టిన యాప్ ఎలా ఉంటుందో తెలియడానికి రెండు ఉదాహరణలు చెబుతాను. టొరంటోలోని సిక్‌కిడ్స్ ఆస్పత్రిలో జెన్నిఫర్ స్టిన్సన్ బృందం క్యాన్సర్ ఉన్న పిల్లల కోసం పెయిన్ స్క్వాడ్ అనే యాప్ తయారుచేసింది. అందులో పిల్లలు పోలీసు దళంలో చేరినట్టు చేరతారు. పొద్దున, సాయంత్రం నొప్పి రిపోర్టు రాసి ఇస్తే హోదా పెరుగుతుంది. కెనడా టీవీ పోలీసు సీరియళ్ళ నటులు వీడియోలో వచ్చి మెచ్చుకుంటారు. వైద్యంతో అలిసిపోయిన పిల్లలు కూడా మానకుండా రాశారు. టీనేజీ పిల్లల కోసం అదే బృందం ఐకెన్‌కోప్ అనేది చేసింది, సికిల్ సెల్ ఉన్నవాళ్ళకి అందులోనే వేరే రూపం ఉంది.

రెండోది సియాటిల్ పిల్లల ఆస్పత్రి పరిశోధన సంస్థలో టోన్యా పాలెర్మో బృందం చేసిన వెబ్‌మ్యాప్ మొబైల్. ఇది డైరీ కాదు, నొప్పితో బతకడం నేర్పే పాఠాలు. దీన్ని 8 క్లినిక్‌ల నుంచి వచ్చిన 143 మంది పిల్లల మీద పరీక్షించి 2020లో ఫలితాలు ప్రచురించారు. యాప్ ఇచ్చిన పిల్లలకీ, మామూలు వైద్యంలోనే ఉన్న పిల్లలకీ నొప్పిలో, రోజువారీ పనుల్లో పెద్ద తేడా రాలేదు. కానీ యాప్ వాడినవాళ్ళు తమకి మెరుగైందని ఎక్కువగా చెప్పారు. పాఠాలు ఎక్కువ పూర్తిచేసినవాళ్ళకి నొప్పీ ఇబ్బందీ ఎక్కువ తగ్గాయి. నాకు ఇందులో నిరాశేమీ కనిపించలేదు. యాప్ ఫోన్‌లో ఉండటం మందు కాదు, అందులో చెప్పింది చేయడం మందు. మీ కుటుంబం అమెరికాలోనో కెనడాలోనో ఉంటే, పిల్లలు నొప్పి క్లినిక్‌కి వెళ్తుంటే, ఇలాంటివాటి గురించి నేరుగా వాళ్ళనే అడగండి.

ఇక్కడ మనం ఎంచుకునేటప్పుడు చూడాల్సినవి కొన్నే. ఇంటర్నెట్ లేకపోయినా పనిచేయాలి. రాసినదంతా పీడీఎఫ్‌గా బయటికి తీయగలగాలి. ప్రకటనలు ఉండకూడదు. నూనెలు, పొడులు, ఆన్‌లైన్ కోర్సులు అమ్మే యాప్‌నీ, నొప్పి పూర్తిగా పోగొడతామనే యాప్‌నీ వెంటనే తీసేయండి. ఉచితం అని మొదలై వారం తర్వాత డబ్బు లాగే యాప్‌లుంటాయి, యూపీఐ ఆటోపే ఇచ్చేముందు చదవండి. యాప్ తీసేసినంత మాత్రాన చందా ఆగదు, ప్లే స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్ళి విడిగా రద్దు చేయాలి.

పర్మిషన్ల దగ్గర గట్టిగా ఉండండి. నొప్పి రాసుకోవడానికి కాంటాక్ట్స్ ఎందుకు? లొకేషన్ ఎందుకు? వద్దని నొక్కండి. ప్లే స్టోర్‌లో డేటా భద్రత అనే భాగంలో ఏ వివరాలు తీసుకుంటారో, ఎవరితో పంచుకుంటారో రాసి ఉంటుంది. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం (ఇది దశలవారీగా అమల్లోకి వస్తోంది) ప్రకారం పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళ వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి, వాళ్ళ మీద నిఘా పెట్టి ప్రకటనలు చూపించకూడదు. నెలసరి వివరాలు రాసే యాప్ అయితే ఇంకా జాగ్రత్త. అమ్మాయి అసలు పేరు, స్కూలు పేరు అక్కడ ఉండాల్సిన పనే లేదు.

ఏదీ నచ్చకపోతే ఫోన్‌లో ఉన్న నోట్స్, గడియారం చాలు. నేను అతిశయోక్తిగా అనడం లేదు, మా అమ్మాయి ఆఖరికి స్థిరపడింది వాటి మీదే.

నాలుగో అడుగు: రోజుకి ఒక్క నిమిషం

రాత్రి ఎనిమిదికి ఒకే ఒక్క రిమైండరు పెట్టండి. పడుకునే వేళకి వద్దు, నొప్పి గురించి ఆలోచిస్తూ నిద్రపోవడం మంచిది కాదు. రోజూ రాయాల్సినవి నాలుగే.

ఇవాళ ఏం చేశాను (బడి, ఆట, స్నేహితులు, ఇంటి పని).
నిన్న రాత్రి ఎన్ని గంటలు పడుకున్నాను.
మాత్ర వేసుకున్నానా, ఏ మాత్ర.
నొప్పి సున్నా నుంచి పది వరకు ఎంత.

నొప్పి ఆఖర్న ఉండటం కావాలనే. చేసిన పని మొదట రాస్తే రోజులో నొప్పి తప్ప ఇంకేం జరిగిందో కంటికి కనిపిస్తుంది. "నొప్పి ఆరు, అయినా మూడు పీరియడ్లు కూర్చున్నాను" అని పిల్ల తనే రాసుకున్న రోజు మా ఇంట్లో చిన్న పండగలాంటిది.

అంకెల దగ్గర ఒక చిక్కుంది. ఒకరి ఆరు ఇంకొకరి ఆరు కాదు. మొదటిరోజే అంకెలకి అర్థాలు పెట్టుకోండి. మా ఇంట్లో మూడంటే చదువుకోగలదు, అయిదంటే అదే వాక్యం రెండుసార్లు చదవాల్సి వస్తుంది, ఏడంటే దీపం ఆర్పి పడుకోవాలి. మీ అబ్బాయికి మోకాలి నొప్పి అయితే మెట్లెక్కడం, కింద కూర్చుని లేవడం కొలతలవుతాయి.

అయిదో అడుగు: నొప్పికి మన మాట

ఎక్కువ యాప్‌లు ఇంగ్లీషులోనే ఉంటాయి. నొప్పి ఎలాంటిదో చెప్పమని పది ఇంగ్లీషు మాటలిచ్చి ఒకటి నొక్కమంటాయి. మా అమ్మాయి ప్రతిసారీ మొదటి మాటే నొక్కేసేది, ఎందుకంటే దేనికీ తన నొప్పి పోలిక లేదు. ఒకరోజు వాళ్ళ అమ్మమ్మ అడిగింది, "పోటా, సలుపా, బరువా?" అని. పిల్ల వెంటనే చెప్పింది: "ముందు బరువు అమ్మమ్మా, తర్వాత కణతల దగ్గర పోటు."

డాక్టరుకి ఆ ఒక్క వాక్యం చాలా చెప్పింది. పోటుకి ముందు బరువుగా ఉండే ఆ గంటలోనే మందు వేసుకోవాలని ఆయన చెప్పగలిగారు.

తెలుగులో నొప్పికి మాటలు దండిగా ఉన్నాయి. వాటిని వాడనివ్వండి. కణతలు కొట్టుకోవడం, నరం లాగడం, పుండులా సలపడం, పొట్టలో మెలిపెట్టడం, సూదులతో గుచ్చినట్టుండటం, నడుం పట్టేయడం, కాళ్ళు పీకడం, కీళ్ళు పట్టేసి కదలకపోవడం, మంట, తిమ్మిరి, జివ్వుమనడం. ఇవన్నీ ఒకటి కావు. మంట, తిమ్మిరి, జివ్వుమనడం నరానికి సంబంధించిన నొప్పిలో తరచు వినిపించే మాటలు. పొద్దున్నే కీళ్ళు పట్టేసి నడిస్తే వదిలేది వాపుతో వచ్చే కీళ్ళ నొప్పి కావచ్చు. యాప్‌లో నోట్స్ అని ఖాళీ గడి ఉంటుంది. కీబోర్డులో తెలుగు పెట్టుకుని మైకు గుర్తు నొక్కి మాట్లాడితే అదే రాస్తుంది. టైపు చేయడానికి బద్ధకించే పిల్లలు మాట్లాడటానికి బద్ధకించరు. శ్రీకాకుళం పిల్ల శ్రీకాకుళం మాటే రాయాలి, ఆదిలాబాద్ పిల్లగాడు తన మాటే రాయాలి. ఎక్కడ, ఎటు పాకుతోంది అన్నది చెప్పడానికి చాలా యాప్‌లలో మనిషి బొమ్మ ఉంటుంది, దాని మీద వేలితో రంగు వేస్తే సరిపోతుంది.

ఆరో అడుగు: ఈ ముక్క పిల్లలకే చదవమనండి

నీ నొప్పి నిజం. ఎవరేమన్నా అది నిజమే. ఇప్పుడు నీ ఫోన్‌లో గడియారం తెరువు.

కొన్ని రోజులు నొప్పి తక్కువగా ఉంటుంది కదా, ఆరోజు మిగిలిపోయిన నోట్సంతా రాసేసి, క్రికెట్ మూడు గంటలాడి, మర్నాడూ ఆ మర్నాడూ మంచం మీదే ఉంటావు. ఆ ఎగుడుదిగుడు ఆపాలి. నొప్పి పెరగకుండా ఎంతసేపు కూర్చుని రాయగలవో రెండు మూడు రోజులు చూసుకో. నలభై నిమిషాలనుకో. అయితే టైమరు ముప్పైకి పెట్టు. మోగగానే లేచి అయిదు నిమిషాలు నడువు, మళ్ళీ కూర్చో. బాగున్న రోజు కూడా ముప్పయ్యే, బాగాలేని రోజు కూడా వీలైనంతవరకు ముప్పయ్యే. వారం నిలబెట్టుకున్నాక మూడు నిమిషాలు పెంచు. నీకు నవ్వొచ్చేంత చిన్నగా అనిపిస్తుంది, అయినా అంతే పెంచు. ఆటకి, నడకకి, స్కూలు గంటలకి ఇదే పద్ధతి. మీ ఫిజియోథెరపిస్టు వేరే లెక్క ఇస్తే అదే పాటించు.

నొప్పి మొదలైనప్పుడు చేయాల్సిందొకటి, బాగున్నప్పుడే నేర్చుకోవాలి. పడుకుని ఒక చెయ్యి బొడ్డు మీద పెట్టు. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేదాకా గాలి పీల్చు, చెయ్యి పైకి లేవాలి. ఆరు లెక్కపెట్టేదాకా మెల్లగా వదులు. అయిదు నిమిషాలు. దీనికి యాప్‌లో పెరిగి తగ్గే గుండ్రటి బొమ్మ ఉంటుంది, రెండు రోజులు చూసి అలవాటయ్యాక ఫోన్ బోర్లా పెట్టెయ్. తర్వాత పాదాల దగ్గర్నుంచి మొదలుపెట్టి ఒక్కో కండరాన్నీ బిగించి వదులుతూ తలదాకా రా. స్కూల్లో యోగా పీరియడ్‌లో శవాసనం వేయించి ఉంటారు, ఇది దాని చుట్టమే. నొప్పి ఉన్న కండరాన్ని గట్టిగా బిగించకు. మాటలు కావాలంటే నీకు నచ్చిన గొంతుతో తెలుగులో రికార్డు చేయించుకో. మా ఇంట్లో అమ్మమ్మ గొంతే ఉంది.

ఈ పనితో నొప్పి వెంటనే సున్నా అవదు. కానీ నొప్పొచ్చిందన్న భయం తగ్గుతుంది, భయం తగ్గితే కండరాల బిగువు తగ్గుతుంది.

ఇంకో చిన్న పని. "ఇది ఎప్పటికీ పోదు", "పరీక్ష పోయినట్టే" అని మనసులో మాటొస్తుంది కదా, దాన్ని నోట్స్‌లో అలాగే రాయి. కింద, నీ స్నేహితురాలికి ఇదే జరిగితే నువ్వేం చెప్తావో అది రాయి. మర్నాడు రెండూ చదువుకో.

ఏడో అడుగు: రాత్రి ఫోన్

పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వాళ్ళకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. నిద్ర తగ్గిన మర్నాడు నొప్పి ఎక్కువవుతుంది. సాయం చేయాల్సిన ఫోనే నిద్ర చెడగొడితే ఇదంతా వృథా. పడుకునే గంట ముందు బెడ్‌టైమ్ మోడ్ పెట్టండి, ఫోన్ హాల్లో చార్జింగ్‌కి పెట్టండి, మీదీ అక్కడే పెట్టండి. నిద్రకి ముందు వినే రికార్డింగ్‌కి పాత ఫోన్ ఒకటి సిమ్ తీసేసి వాడుకోవచ్చు.

ఎనిమిదో అడుగు: పెద్దవాళ్ళు చేయాల్సింది

ఇది నాకు అన్నిటికంటే కష్టమైంది. "నొప్పెలా ఉందమ్మా?" అని అడగడం మానేయాలి. అంకె యాప్‌లో ఉంది కదా. దాని బదులు "ఇవాళ సైన్సులో ఏం చెప్పారు?", "నీ ఫ్రెండు వచ్చిందా?" అని అడగండి. నొప్పి అనగానే పనులన్నీ మాన్పించి మంచం మీద పడుకోబెట్టి అన్నం కలిపి తినిపించడం ప్రేమే. కానీ పిల్లల నొప్పి మీద పనిచేసేవాళ్ళు మళ్ళీ మళ్ళీ గమనించిన విషయం, అలా కాపాడిన కొద్దీ పిల్లలు చేయగలిగే పనులు తగ్గుతూ పోతాయని. ఇంట్లో తాతయ్యకి, మేనత్తకి, పక్కింటి పిన్నిగారికి కూడా చెప్పండి. దిష్టి తీస్తే తీయనివ్వండి, నష్టం లేదు. "పాపం పిల్లకి జీవితాంతం ఇంతేనేమో" అని పిల్ల ఎదురుగా అనొద్దని మాత్రం చేతులు పట్టుకుని అడగండి.

నొప్పి ఉన్నా కాసేపైనా బడికి పంపండి. పూర్తిగా మానేయడం కంటే రెండు పీరియడ్లు మేలు. క్లాస్ టీచర్‌కి డాక్టరు ఉత్తరం చూపించి, మధ్యలో లేచి నడవడానికీ, నీళ్ళ సీసా పక్కన పెట్టుకోవడానికీ అనుమతి అడగండి.

తొమ్మిదో అడుగు: నెల తర్వాత చదవడం

నెల నిండకముందు ఏ నిర్ణయానికీ రావద్దు. మేం మొదట్లో చేసిన పొరపాటు ఇదే. పెరుగు తిన్న రోజు నొప్పొచ్చిందని పెరుగు మాన్పించాం, తర్వాత వేరుశెనగ చట్నీ, తర్వాత చాక్లెట్, ఆఖరికి పిల్ల తినేవాటి కంటే మానేసినవే ఎక్కువయ్యాయి. రాసినవి సరిగ్గా చదివితే పెరుగు తిని నొప్పి రాని రోజులు ఇరవై ఉన్నాయి. నిజంగా కలిసొచ్చినవి రెండు: టిఫిన్ తినకుండా బడికి పరిగెత్తిన రోజులు, శనివారం రాత్రి ఆలస్యంగా పడుకున్నాక వచ్చే ఆదివారాలు. దేన్నైనా అనుమానిస్తే అది ఉన్నా నొప్పి రాని రోజుల్ని కూడా లెక్కపెట్టండి.

మాత్రల గడిని ప్రత్యేకంగా చూడండి. తలనొప్పికి పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ లాంటివి నెలకి 15 రోజులు, అంతకంటే ఎక్కువ, మూడు నెలలకు పైగా వాడితే ఆ మాత్రల వల్లే తలనొప్పి పెరిగే స్థితి రావచ్చు. కొన్ని మైగ్రేన్ మందులకి ఆ హద్దు 10 రోజులే. అంకె దగ్గరపడుతుంటే డాక్టరుకి ఫోన్ చేయండి. మందు మోతాదు మార్చడం, ఆపడం మీరు చేయొద్దు. యాప్‌లో చాట్‌బాట్ చెప్పిందని అసలే చేయొద్దు.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఫోన్ అందించి వేలితో జరపమనకండి. ఓపీలో ఆయనకి ఉండేది అయిదు నిమిషాలు. ఒక్క కాగితం మీద రాసి తీసుకెళ్ళండి: నెలలో నొప్పి రోజులు, ఏడు దాటిన రోజులు, మాత్ర వేసుకున్న రోజులు, బడి మానేసిన రోజులు, సగటు నిద్ర, పిల్లల సొంత మాటల్లో నొప్పి ఎలాంటిదో ఒక వాక్యం, అడగాల్సిన ప్రశ్నలు రెండు. ఆ ప్రశ్నలు పిల్లలే అడగనివ్వండి. మా అమ్మాయి మొదటిసారి తనే అడిగినప్పుడు డాక్టరు కుర్చీ తన వైపు తిప్పుకున్నారు.

ఫోన్ లేనిచోట

ఇంటర్‌లో రెసిడెన్షియల్ కాలేజీలో వేస్తే ఫోన్ ఉండదు. అప్పుడు జేబులో పట్టే అట్ట ముక్క మీద ముప్పై గడులు గీసి ఇవ్వండి. గడిలో మూడే గుర్తులు: క్లాసులో కూర్చుంటే టిక్కు, మాత్ర వేసుకుంటే చుక్క, నొప్పి అంకె. అవుటింగ్ రోజున ఆ అట్ట ఫోటో తీసుకుంటే చాలు. శ్వాస పద్ధతికి ఫోన్ అక్కర్లేదు, అందుకే ముందే నేర్పమన్నది. చేర్చేటప్పుడే వార్డెన్‌కి డాక్టరు చీటీ ఇచ్చి, మాత్రలు ఎవరి దగ్గర ఉంటాయో, రాత్రిపూట ఎవరిని లేపాలో రాయించుకోండి.

పాడేరు, ఉట్నూరు వైపు ఏజెన్సీలో సికిల్ సెల్ ఉన్న పిల్లల కుటుంబాలకి సిగ్నలే పెద్ద సమస్య. ఆఫ్‌లైన్‌లో పనిచేసే నోట్స్, నీళ్ళు తాగమని గుర్తుచేసే అలారం సరిపోతాయి. నీళ్ళు తగ్గడం, చలి, అలసట ఈ నొప్పిని రేపుతాయి కాబట్టి ఆ మూడూ రాయాలి. 101 దాటిన జ్వరం, ఆయాసం, ఛాతీలో నొప్పి, మాట తడబడటం కనిపిస్తే డైరీ రాయడానికి ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళాలి. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం కింద పరీక్షలు చేస్తున్నారు. హైదరాబాద్‌లో థలసీమియా, సికిల్ సెల్ సొసైటీ 1998 నుంచి పనిచేస్తోంది.

ఎప్పుడు ఆపాలి

రాయడం వల్ల పిల్లలు నొప్పినే తలుచుకుంటున్నారనిపిస్తే, అంకె వేసేటప్పుడు ఏడుస్తుంటే, వెంటనే రెండు వారాలు ఆపండి. అలా కాకుండా బాగుపడుతుంటే కూడా ఆపాలి, కాకపోతే మెల్లగా. రెండు మూడు నెలలు రోజూ రాశాక వారానికోసారి, తర్వాత నెలకోసారి. కొత్త మందు మొదలుపెట్టినప్పుడు, పరీక్షల నెలలో మళ్ళీ రోజూ రాస్తే చాలు. యాప్ తీసేసే ముందు పీడీఎఫ్ దించుకుని, అకౌంట్ డిలీట్ చేయమని యాప్‌లోనే అడగండి. ఊరికే అన్‌ఇన్‌స్టాల్ చేస్తే వివరాలు వాళ్ళ దగ్గరే ఉండిపోతాయి.

మా అమ్మాయి ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. తలనొప్పి పూర్తిగా పోలేదు. ప్రతి నెలా ఒకటో తారీఖున నాకు వాట్సాప్‌లో రెండే అంకెలు పంపుతుంది: మాత్ర వేసుకున్న రోజులు, కాలేజీ మానేసిన రోజులు. పోయిన నెల నాలుగు, ఒకటి.